వైరింగ్ భద్రతా కోడ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోడ్ పుస్తకం మొదటిసారి చేతికి వచ్చినప్పుడు చాలామంది చేసే పని ఒకటే. టేబుల్స్ ఉన్న పేజీ తెరిచి, కావాల్సిన అంకె చూసుకుని, పుస్తకం మూసేస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆ అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న షరతులు చదవడం అలవాటు కావడానికి కొన్నేళ్లు పట్టింది. ఇల్లు వైరింగ్ చేయించుకునేవాళ్లు, పనిలో కొత్తగా చేరినవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

కోడ్ అంటే చట్టమేనా?

తనంతట తాను కాదు. నిపుణుల కమిటీ రాసిన సాంకేతిక నియమాల పుస్తకం అది. ప్రభుత్వమో, స్థానిక అధికారులో "మా పరిధిలో ఇది పాటించాల్సిందే" అన్నాక దానికి చట్టబలం వస్తుంది.

అమెరికాలో నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్, అంటే ఎన్‌ఎఫ్‌పీఏ 70, మూడేళ్లకోసారి కొత్త ఎడిషన్‌గా వస్తుంది. దాన్ని ఒక్కో రాష్ట్రం తన వీలును బట్టి, తన సవరణలతో అమల్లోకి తెచ్చుకుంటుంది. అందుకే పక్కపక్క రాష్ట్రాల్లోనే వేర్వేరు ఎడిషన్లు నడుస్తుంటాయి. బ్రిటన్‌లో వైరింగ్ నియమాల పుస్తకమైన బీఎస్ 7671 చట్టం కాదు. కానీ చట్టం కోరే భద్రత పాటించామని రుజువు చేసుకోవడానికి అక్కడ అందరూ దాన్నే ముందు పెడతారు. భారత్‌లో 2003 విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు జారీ చేస్తుంది. ఇప్పుడున్నవి 2023 నాటివి. వైరింగ్ ఎలా చేయాలన్న వివరాలు భారతీయ ప్రమాణం ఐఎస్ 732లో, ఎర్తింగ్ వివరాలు ఐఎస్ 3043లో ఉంటాయి.

కాబట్టి ఎక్కడైనా ముందు తేల్చుకోవాల్సినవి రెండు: మీ దగ్గర ఏ పుస్తకం అమల్లో ఉంది, దాని ఏ ఎడిషన్. ఈ రెండూ తెలియకుండా ఎవరైనా "కోడ్ ఇలా అంటోంది" అంటే వినండి గానీ గోడ మాత్రం పగలగొట్టించకండి.

కరెంటు అంతటా ఒకటే కదా, కోడ్‌లు ఇన్ని ఎందుకు?

కరెంటు ఒకటే, సప్లై ఒకటి కాదు. ఒకచోట ఇంటి సాకెట్‌లో 120 వోల్టులు, ఇంకోచోట 230. ఎర్తింగ్ ఇచ్చే పద్ధతి వేరు, ఇళ్లు కట్టే తీరు వేరు. చరిత్ర కూడా ఒక కారణమే. బ్రిటన్‌లో మొదటి నియమాలు 1882లో వచ్చాయి. ఎలక్ట్రిక్ దీపాల వల్ల అగ్నిప్రమాదాలు రాకుండా చూడటం వాటి ఉద్దేశం. మొదటి పుస్తకం పేరులోనే నిప్పు ఉంది, షాక్ లేదు. అమెరికా కోడ్ 1897లో మొదలైంది. విద్యుత్ ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ ఐఈసీ పుట్టింది 1906లో. అప్పటికే ఎవరి దారిన వాళ్లు చాలా దూరం వెళ్లిపోయారు.

ఇప్పుడు ఐఈసీ 60364 అనే ప్రమాణాన్ని చాలా దేశాలు అస్థిపంజరంలా తీసుకుని, పైన సొంత కండ పెట్టుకుంటున్నాయి. బీఎస్ 7671 అమరిక అదే, ఐఎస్ 732 కొత్త రూపం కూడా దానికి దగ్గరగా జరిగింది. అమెరికా పుస్తకం అమరిక మాత్రం పూర్తిగా వేరు.

వందల పేజీల పుస్తకం. ఎక్కడి నుంచి చదవాలి?

మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలని కూర్చుంటే వారంలో వదిలేస్తారు. ఇది నిఘంటువు లాంటి పుస్తకం. ఏది ఎక్కడుంటుందో తెలిస్తే చాలు.

ఐఈసీ తరహా పుస్తకంలో 1వ భాగం మూల సూత్రాలు, 4వ భాగం రక్షణ, 5వ భాగం పరికరాలు, వైర్ల ఎంపిక, 6వ భాగం తనిఖీ, టెస్టింగ్, 7వ భాగం ప్రత్యేక స్థలాలు. బాత్రూమ్ 701, ఈత కొలను 702, ఆసుపత్రి గదులు 710, సోలార్ 712, ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగ్ 722. ఈ మూడంకెలు గుర్తుంటే చాలు. ఐఈసీ దారిలో నడిచే ఇతర దేశాల పుస్తకాల్లో కూడా బాత్రూమ్ ఎక్కువగా 701లోనే దొరుకుతుంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. 7వ భాగం సొంతంగా నిలబడదు. 1 నుంచి 6 దాకా ఉన్న నియమాలన్నీ వర్తిస్తాయి, 7వ భాగం వాటి మీద కొన్ని కలుపుతుంది, కొన్ని మారుస్తుంది. అమెరికా కోడ్‌లోనూ అంతే. 1 నుంచి 4 అధ్యాయాలు సాధారణం, 5 నుంచి 7 ప్రత్యేకం. బాత్రూమ్ సెక్షన్ ఒక్కటే చదివి పని మొదలుపెట్టినవాళ్లు ఎర్తింగ్ సంగతి మర్చిపోయిన సందర్భాలు నేను చూశాను. ఆ సెక్షన్‌లో దాని ఊసు లేదు కాబట్టి అక్కర్లేదనుకున్నారు.

నేనైతే ప్రతి ప్రశ్నకూ ఈ వరసలో వెళ్తాను: ముందు పరిధి, అంటే ఈ పుస్తకం ఈ పనికి వర్తిస్తుందా. తర్వాత నిర్వచనాలు. ఆ తర్వాత సాధారణ నియమం, దాని తర్వాత ప్రత్యేక స్థలం, అన్నిటికన్నా చివర టేబుల్.

నిర్వచనాలు కూడా చదవాలా? ఆ మాటలు తెలిసినవే కదా?

తెలిసిన మాటలే ముంచుతాయి. "లో వోల్టేజ్" అనగానే పట్టుకున్నా ఏమీ కానిదని అనుకుంటాం. ఐఈసీ లెక్కలో ఏసీ అయితే 1000 వోల్టుల దాకా, డీసీ అయితే 1500 దాకా లో వోల్టేజే. మన ఇంటి 230 వోల్టులూ అందులోనివే. తక్కువ ప్రమాదం అనుకునే కోవలోకి వచ్చేది "ఎక్స్‌ట్రా లో వోల్టేజ్", ఏసీలో 50 వోల్టుల లోపు.

ఇంకొకటి: "లైవ్ కండక్టర్" అంటే ఫేజు ఒక్కటే కాదు. ఐఈసీ నిర్వచనం ప్రకారం న్యూట్రల్ కూడా లైవే. "లైవ్ భాగాలన్నీ కప్పి ఉంచాలి" అని ఉందంటే న్యూట్రల్ బార్ కూడా కప్పాలన్నమాట.

అమెరికా పుస్తకం చదివేవాళ్లకు ఇంకా పెద్ద గుంత ఉంది. "గ్రౌండెడ్ కండక్టర్" అంటే మామూలుగా మనం న్యూట్రల్ అనేది. "గ్రౌండింగ్ కండక్టర్" అంటే ఎర్త్ వైరు. చివర రెండు మూడు అక్షరాల తేడాతో రెండు వేర్వేరు వైర్లు!

షల్, షుడ్, మే అని రాస్తారు. తేడా నిజంగా అంత ముఖ్యమా?

అదే ముఖ్యం. "షల్" ఉంటే చేసి తీరాలి. "షుడ్" ఉంటే సిఫార్సు. "మే" ఉంటే అనుమతి, మీ ఇష్టం. అలాగే వెనక ఉండే అనుబంధాల్లో "నార్మేటివ్" అని ఉన్నది నియమంలో భాగం, "ఇన్ఫర్మేటివ్" అని ఉన్నది సమాచారం కోసమే.

ఉదాహరణకు వోల్టేజ్ డ్రాప్, అంటే వైరు పొడవునా తగ్గిపోయే వోల్టేజ్. బ్రాంచ్ సర్క్యూట్‌లో 3 శాతం, మొత్తం 5 శాతం దాటొద్దని అమెరికా కోడ్‌లో ఉన్న మాట చాలామందికి కంఠతా వచ్చు. కానీ అది ఉన్నది సమాచార నోట్‌లో. మామూలు సర్క్యూట్లకు అది మంచి సలహా, తప్పనిసరి నియమం కాదు. దాన్ని పాటించొద్దని నేను చెప్పడం లేదు, నేనూ పాటిస్తాను. కానీ దాని పేరు చెప్పి ఎదుటివాడి పని "కోడ్‌కు విరుద్ధం" అని రాయడం కుదరదు.

2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఎన్ని ఆంపియర్లు మోస్తుంది?

ఈ పేజీలో ఎక్కువ చోటు ఈ ప్రశ్నకే ఇస్తున్నాను. నన్ను అందరికన్నా ఎక్కువగా అడిగేది ఇదే. దీనికి ఒక్క అంకెలో జవాబు చెప్పేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

ఐఈసీ టేబుల్ తెరవండి. రాగి, పీవీసీ ఇన్సులేషన్, కరెంటు మోసే కోర్‌లు రెండు. 2.5 ఎదురుగా వరసగా చాలా అంకెలు కనిపిస్తాయి. కేబుల్‌ను గోడకు క్లిప్‌లతో బిగిస్తే 27 ఆంపియర్లు. విడి వైర్లు గోడలో పూడ్చిన కండ్యూట్‌లో (వైర్ల పైపులో) వెళ్తే 24. ఉష్ణ నిరోధక పదార్థం నింపిన గోడలో కండ్యూట్ వేస్తే 19.5. వైరు అదే. లోపల పుట్టిన వేడి బయటికి ఎంత సులువుగా పోతుందన్నదే తేడా. పీవీసీ 70 డిగ్రీలు దాటకూడదు, ఎక్స్‌ఎల్‌పీఈ అనే ఇంకో రకం ఇన్సులేషన్ అయితే 90 దాకా తట్టుకుంటుంది. ఆ టేబుల్ అంతా నిలబడింది ఈ ఒక్క విషయం మీదే.

ఇప్పుడు షరతులు. టేబుల్ శీర్షికలో చుట్టూ గాలి 30 డిగ్రీలు అని రాసి ఉంటుంది. మీ దగ్గర 40 అయితే 0.87తో గుణించాలి. 50 అయితే 0.71తో. అంతేకాక ఆ అంకె పైపులో ఒక్క సర్క్యూట్ ఉన్నప్పుడే చెల్లుతుంది. మూడు సర్క్యూట్లు ఒకే పైపులో దూర్చితే ఇంకో 0.70.

లెక్క వేద్దాం. గోడలోని కండ్యూట్, 24 ఆంపియర్లు. చుట్టూ 40 డిగ్రీలు, ఒకే పైపులో మూడు సర్క్యూట్లు. 24ను 0.87తో గుణిస్తే 20.9, దాన్ని 0.70తో గుణిస్తే 14.6. "2.5 అంటే 20 ఆంపియర్లకు ఢోకా లేదు" అన్న వైరు ఇప్పుడు 16 ఆంపియర్ల ఎంసీబీకి (కరెంటు హద్దు దాటితే తనంతట తాను తెగే బ్రేకర్‌కు) కూడా సరిపోవడం లేదు. అదే పైపులో 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 32తో మొదలై 19.5 దగ్గర ఆగుతుంది, 16 ఆంపియర్ల ఎంసీబీకి సరిపోతుంది. లేదా వైరు మార్చకుండా ఒక్కో సర్క్యూట్‌కు ఒక్కో పైపు వేయొచ్చు. నాకు ఈ రెండో దారే ఇష్టం, తర్వాత రిపేరుకూ సులువు.

చివరగా చూసుకోవాల్సిన సూత్రం చిన్నదే: లోడ్ కరెంటు కన్నా ఎంసీబీ రేటింగ్ తక్కువ కాకూడదు, ఎంసీబీ రేటింగ్ కన్నా వైరు సామర్థ్యం తక్కువ కాకూడదు. ఆ సామర్థ్యం అన్ని తగ్గింపులూ పోగా మిగిలింది.

16 ఆంపియర్ల ఎంసీబీ 17 ఆంపియర్లకు ట్రిప్ అవుతుందా?

అవ్వదు, అవ్వకూడదు కూడా. ఇళ్లలో వాడే ఎంసీబీల ప్రమాణం ఐఈసీ 60898 ప్రకారం రేటింగ్‌కు 1.13 రెట్ల కరెంటు గంటసేపు పోయినా అది ట్రిప్ కాకూడదు. 1.45 రెట్లు పోతే గంటలోపు ట్రిప్ కావాలి. అంటే 16 ఆంపియర్లది 18 మోస్తూ గంటసేపు మాట్లాడకుండా ఉంటుంది. 23 దాటినా వెంటనే పడకపోవచ్చు. వైరు సామర్థ్యం ఎంసీబీ రేటింగ్‌కు తగ్గకూడదని పట్టుబట్టేది అందుకే.

దాని మీద ఉండే బీ, సీ, డీ అక్షరాలు షార్ట్ సర్క్యూట్ సంగతి చెబుతాయి. రేటింగ్‌కు 3 నుంచి 5 రెట్లలో బీ, 5 నుంచి 10 రెట్లలో సీ, 10 నుంచి 20 రెట్లలో డీ తక్షణం ట్రిప్ అవుతాయి. మోటారు స్టార్ట్ అయినప్పుడల్లా పడిపోతోందని బీ తీసి డీ పెట్టేవాళ్లున్నారు. పెట్టొచ్చు, కానీ ఫాల్ట్ వచ్చినప్పుడు అన్ని రెట్ల కరెంటు ఆ వైర్లో పారుతుందా అని లూప్ ఇంపెడెన్స్ (ఫాల్ట్ కరెంటు వెళ్లి తిరిగొచ్చే దారి మొత్తం అడ్డు) కొలిచి చూశాకే.

ఎంసీబీ ఉంది కదా, ఆర్‌సీసీబీ ఎందుకు?

ఎంసీబీ కాపాడేది వైరును. ఆర్‌సీసీబీ కాపాడేది మనిషిని. మనిషి ప్రాణం తీయడానికి చాలే కరెంటును ఎంసీబీ లెక్కలోకే తీసుకోదు.

ఆర్‌సీసీబీ లోపల ఉన్నది సులువైన ఏర్పాటు. ఫేజులో వెళ్లినదీ న్యూట్రల్‌లో తిరిగి వచ్చినదీ సమానమా కాదా అని చూస్తుంది. తేడా ఉందంటే ఆ మేరకు కరెంటు ఇంకో దారిలో, బహుశా ఒక మనిషి ఒంట్లోంచి, భూమిలోకి పోతోందని అర్థం. మనుషుల రక్షణకు వాడేది 30 మిల్లీ ఆంపియర్లది. మామూలు రకం ఆ తేడా దగ్గర 300 మిల్లీ సెకన్లలోపు, దానికి ఐదు రెట్లు పోతే 40 మిల్లీ సెకన్లలోపు తెగాలి. అమెరికాలో వాడే జీఎఫ్‌సీఐ ఇంకా సున్నితం, 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్ల మధ్యే తెగుతుంది. చేయి వైరును వదల్లేని స్థితి రాకముందే తెగాలన్నది వాళ్ల లెక్క, గుండె లయ తప్పకముందే తెగాలన్నది 30 వెనకున్న లెక్క.

అన్ని షాకుల నుంచీ ఇది కాపాడుతుందనుకోవద్దు. ఎండిన చెక్క బల్ల మీద నిలబడి ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దాని దృష్టిలో మీరూ ఒక బల్బే.

ఆర్‌సీసీబీ ఊరికే ట్రిప్ అవుతోంది. తీసేయొచ్చా?

ఒక ఆఫీసులో సరిగ్గా ఇదే జరిగింది. వరండా లైటు వేసిన ప్రతిసారీ ఆర్‌సీసీబీ పడిపోయేది. వైరింగ్ చేసినవాళ్లు "పరికరం పాడైంది" అని చెప్పి అక్కడున్న రెండు ఆర్‌సీసీబీల స్థానంలోనూ మామూలు ఐసోలేటర్లు, అంటే రక్షణ లేని ఉత్త స్విచ్‌లు, బిగించి వెళ్లారు. ట్రిప్ ఆగింది, అందరూ సంతోషించారు.

నేను డీబీ (బ్రేకర్లన్నీ ఉండే పెట్టె) తెరిచి చూస్తే అందులో రెండు ఆర్‌సీసీబీల కోసం రెండు న్యూట్రల్ బార్‌లు ఉన్నాయి. వరండా లైటుకు ఫేజు మొదటి దాని కింద నుంచి వెళ్లింది. న్యూట్రల్ మాత్రం జంక్షన్ బాక్సులో దగ్గరగా కనిపించిన వేరే సర్క్యూట్ నుంచి తీసుకున్నారు, అది రెండో దాని కిందిది. లైటు వేయగానే మొదటి దాని గుండా వెళ్లిన కరెంటు దాని గుండా తిరిగి రాలేదు, అది చెప్పాల్సింది చెప్పింది. ఒక్క న్యూట్రల్ వైరు సరిచేయడానికి 20 నిమిషాలు పట్టింది.

కొన్నిసార్లు ఏ తప్పూ లేకుండానే పడుతుంది. కంప్యూటర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్ల ఫిల్టర్ల ద్వారా కొద్దికొద్దిగా లీకేజీ ఎప్పుడూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల పరికరం 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. రోజువారీ లీకేజీ రేటింగ్‌లో 30 శాతం, అంటే 9 మిల్లీ ఆంపియర్లు దాటకుండా చూడమని బీఎస్ 7671 చెప్పేది అందుకే. ఇల్లంతటికీ ఒకటే పెట్టకుండా సర్క్యూట్లను విడగొట్టి ఆర్‌సీబీఓలు (ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ కలిసిన పరికరాలు) పెడితే సమస్య తీరుతుంది. తీసేయడం మాత్రం జవాబు కాదు.

వైరు రంగు చూసి ఏది ఏమిటో చెప్పొచ్చా?

అనుకోవచ్చు, నమ్మకూడదు. ఐఈసీ పద్ధతిలో నీలం న్యూట్రల్. గోధుమ, నలుపు, బూడిద ఫేజులు. భారత్‌లో చాలాకాలంగా ఉన్న పద్ధతిలో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. అమెరికాలో తెలుపు లేదా బూడిద న్యూట్రల్, నలుపు ఫేజు. అంటే నల్ల వైరు ఒకచోట న్యూట్రల్, ఇంకోచోట ప్రాణం తీసే ఫేజు. నీలంతోనూ అదే గొడవ. బ్రిటన్ 2004లో రంగులు మార్చింది. కాబట్టి అక్కడ ఒకే ఇంట్లో పాత నలుపు న్యూట్రల్, కొత్త నలుపు ఫేజు పక్కపక్కనే ఉండొచ్చు.

చారల పచ్చ-పసుపు వైరు ఒక్కటే దాదాపు అంతటా ఎర్త్. దాన్ని ఇంకే పనికీ వాడకూడదు. ఎంత అవసరమొచ్చినా, వైరు అయిపోయినా సరే.

ఎర్త్ రాడ్ పాతేస్తే చాలదా?

చాలదు, లెక్క చూడండి. సప్లై 230 వోల్టులు. వాషింగ్ మెషీన్ లోపల ఫేజు వైరు బాడీకి తగిలింది. మీ రాడ్, మట్టి, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగ్ అన్నీ కలిపి దారిలో 20 ఓమ్‌ల నిరోధం ఉందనుకుందాం. పారే కరెంటు 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడ్. ఎప్పటికీ ట్రిప్ కాదు. మెషీన్ బాడీ మీద ప్రమాదకరమైన వోల్టేజ్ అలాగే కూర్చుంటుంది.

ఇంటి ఎర్త్‌కు సొంత రాడ్ తప్ప ఇంకో దారి లేని ఇలాంటి ఏర్పాటును కోడ్‌లు టీటీ అంటాయి. అక్కడ ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. అదుంటే ఆ 11.5 ఆంపియర్లలో మూడు వందో వంతు కూడా అక్కర్లేదు, 30 మిల్లీ ఆంపియర్లు చాలు. సప్లై సంస్థే ఎర్త్‌ను కేబుల్‌తో ఇచ్చే టీఎన్ పద్ధతిలో తిరుగుదారి అంతా రాగి, అల్యూమినియం. ఫాల్ట్ కరెంటు వందల ఆంపియర్లు పారుతుంది, ఎంసీబీయే 0.4 సెకన్లలోపు తెంచగలుగుతుంది. టీటీలో ఆ గడువు 0.2 సెకన్లు. మీది ఏ పద్ధతో సప్లై సంస్థను అడిగి రాసిపెట్టుకోండి, ఎర్తింగ్ అధ్యాయంలో ఏ పేరా మీకు వర్తిస్తుందో తేలేది దాంతోనే.

బాత్రూమ్‌లో సాకెట్ ఎంత దూరంలో ఉండాలి?

కోడ్ బాత్రూమ్‌ను జోన్‌లుగా విడగొడుతుంది. టబ్ లోపల జోన్ 0. దాని మీద నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు దాకా జోన్ 1. అక్కడి నుంచి పక్కకు 60 సెంటీమీటర్లు జోన్ 2. టబ్ గానీ తొట్టి గానీ లేని షవర్ అయితే నీళ్లు వచ్చే చోటు నుంచి 1.2 మీటర్ల దాకా జోన్ 1, జోన్ 2 ఉండదు. ఈ రెండో సంగతి చాలామంది చూడరు. మామూలు సాకెట్ ఈ జోన్‌లలో ఉండకూడదు. పెట్టే పరికరాలకు నీటి నుంచి రక్షణ ఎంతో చెప్పే రేటింగ్ జోన్ 0లో ఐపీఎక్స్7, మిగతా రెంటిలో కనీసం ఐపీఎక్స్4 ఉండాలి.

దేశాలు దీనికి సొంత దూరాలు కలుపుతాయి. బీఎస్ 7671లో సాకెట్ జోన్ 1 అంచు నుంచి 3 మీటర్ల అవతల ఉండాలని ఉండేది, 2022 సవరణతో అది 2.5 మీటర్లయింది. ఎడిషన్ ఏదని మొదట్లోనే అడగమన్నది ఇలాంటివాటి కోసమే.

కొత్త ఎడిషన్ వచ్చింది. పాత వైరింగ్ అంతా మార్చాలా?

సాధారణంగా అక్కర్లేదు. వేసిన నాటి కోడ్‌కు సరిపోయి, ఇప్పటికీ భద్రంగా ఉంటే అలాగే ఉండొచ్చు. కానీ అందులో కొత్త సర్క్యూట్ కలిపితే ఆ కొత్త భాగం ఇప్పటి ఎడిషన్‌కు సరిపోవాలి, పాత ఎర్తింగ్, మెయిన్ దాన్ని మోయగలవో లేదో చూడాలి. "పాతది కాబట్టి మినహాయింపు" అన్న మాట చెదిరిపోయిన ఇన్సులేషన్‌కు వర్తించదు. కొన్నిచోట్ల విడిగా చట్టాలూ ఉంటాయి. ఇంగ్లండ్‌లో ప్రైవేటు అద్దె ఇళ్ల వైరింగ్‌ను కనీసం ఐదేళ్లకోసారి తనిఖీ చేయించాలి.

రెండు నియమాలు ఒకదానికొకటి పొసగడం లేదు. ఏది పాటించాలి?

నాకు ఎదురైనవాటిలో చాలామటుకు పొసగకపోవడం కాదు, ఒకదాన్ని ఇంకొకటి బిగించడం. అమెరికా కోడ్‌లో ఆంపియర్ల టేబుల్ చూస్తే 12 గేజి రాగి వైరుకు 90 డిగ్రీల కాలమ్‌లో 30 ఆంపియర్లు ఉంటుంది. దాన్ని చూసి 30 ఆంపియర్ల బ్రేకర్ పెట్టేస్తారు. కానీ 240.4 సెక్షన్‌లో, టేబుల్‌కు వందల పేజీల దూరంలో కూడా కాదు, 12 గేజికి కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప 20 ఆంపియర్లు మించొద్దని ఉంది. మరి ఆ 30 ఎందుకు రాశారంటే, చుట్టూ ఉన్న వేడికి, ఒకే పైపులోని వైర్ల గుంపుకు చేసే తగ్గింపులు అక్కడి నుంచి మొదలుపెట్టి లెక్కించుకోవడానికి.

నిజంగా తేడా వస్తే ప్రత్యేక నియమం సాధారణ నియమాన్ని దాటుతుంది. ప్రభుత్వ నిబంధన కోడ్‌ను దాటుతుంది. అప్పటికీ తేలకపోతే తనిఖీ అధికారిని రాతపూర్వకంగా అడగండి. నోటిమాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

పని అయ్యాక ఏ కాగితం అడగాలి?

టెస్ట్ రిపోర్టు. అందులో అంకెలు ఉండాలి, "ఓకే" అని కాదు. కరెంటు ఇవ్వకముందు ఎర్త్ వైరు తెగకుండా చివరిదాకా ఉందా, ఇన్సులేషన్ నిరోధం ఎంత, పొలారిటీ సరిగా ఉందా, అంటే ఫేజు, న్యూట్రల్ తారుమారు కాలేదా. ఇచ్చాక ఫాల్ట్ లూప్ ఇంపెడెన్స్, ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీ సెకన్లలో తెగింది.

ఇన్సులేషన్ నిరోధాన్ని మెగ్గర్ అనే మీటరుతో 500 వోల్టుల డీసీ పెట్టి కొలిస్తే కనీసం 1 మెగా ఓమ్ రావాలని కోడ్ అంటుంది. కొత్త వైరింగ్‌లో మామూలుగా వందల్లో వస్తుంది. 1.2 వస్తే కాగితం మీద పాసే. నేనైతే సంతకం పెట్టను. ఎక్కడో వైరు పైపు అంచుకు ఒరుసుకుందనో, బాక్సులోకి నీరు చేరిందనో వెతుకుతాను. ఈ పరీక్షకు ముందు సర్జ్ ప్రొటెక్టర్లు, ఎలక్ట్రానిక్ పరికరాలు విప్పకపోతే అంకె తప్పు వస్తుంది, పరికరాలూ పోతాయి.

నేనే వైరింగ్ చేసుకోవచ్చా?

చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఆస్ట్రేలియాలో లైసెన్సు లేకుండా ఫిక్స్‌డ్ వైరింగ్ ముట్టుకోవడం నేరం. అమెరికాలో చాలాచోట్ల సొంత ఇంట్లో పర్మిట్ తీసుకుని చేసుకోనిస్తారు. నా మాట అడిగితే, పై ప్రశ్నలోని ఐదు కొలతలు కొలిచే మీటర్లు, వాటిని అర్థం చేసుకునే అనుభవం లేనప్పుడు వద్దు. వైరు బిగించడం ఎవరికైనా వస్తుంది.

వైరు మీద ప్రమాణాల గుర్తు ఉంది. ఇక కోడ్ పాటించినట్టేనా?

కాదు. భారత్‌లోని ఐఎస్‌ఐ, అమెరికాలోని యూఎల్ గుర్తులు వస్తువు సంగతి చెబుతాయి, దాన్ని బిగించిన తీరు గురించి కాదు. యూరప్‌లోని సీఈ గుర్తు చాలా వస్తువులకు తయారీదారే వేసుకునే ప్రకటన, బయటివాళ్లు పరీక్షించారని అనుకోవద్దు.

నా పరిస్థితి కోడ్‌లో ఎక్కడా లేదు. అప్పుడేం చేయాలి?

అప్పుడు అందరూ దాటేసే 1వ భాగానికి వెళ్లాలి. షాక్ తగలకూడదు, వేడికి నిప్పు అంటుకోకూడదు, అవసరమైనప్పుడు కరెంటు పూర్తిగా తీసేయగలగాలి లాంటి మూల సూత్రాలు అక్కడ ఉంటాయి. కొత్త పద్ధతితో చేసినా ఆ భద్రత తగ్గలేదని చూపగలిగితే బీఎస్ 7671 లాంటివి ఒప్పుకుంటాయి, కాకపోతే ఎక్కడ దారి తప్పామో, ఎందుకో సర్టిఫికెట్‌లో రాయాలి.

నేను అలాంటి సందర్భాల్లో ఒక కాగితం మీద పాటించిన ఎడిషన్, పక్కకు వెళ్లిన నియమం నంబరు, కారణం, వేసిన లెక్క, తేదీ రాసి సంతకం చేస్తాను. ప్లాస్టిక్ కవర్లో పెట్టి డీబీ తలుపు లోపలివైపు అంటిస్తాను. ఫైలు ఏ బీరువాలోకి పోయినా, తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్ మొదట తెరిచేది ఆ తలుపే.